470కి 460 అన్నందుకు స్నేహితులు నవ్వారు: నమ్మకం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

ప్రశ్న
అడిగినవారు: పల్లెవెలుగు ప్రయాణికురాలు

పెద్దలకూ తోటి విద్యార్థులకూ నమస్కారం. నేను మహబూబాబాద్ జిల్లాలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. మా ఊరి నుంచి కళాశాల 22 కిలోమీటర్లు. పల్లెవెలుగు బస్సులో పోయి రావడానికి, మధ్యలో ఎదురుచూడటంతో కలిపి, రోజూ రెండున్నర గంటలు పడుతుంది. మహాలక్ష్మి పథకం వచ్చాక మాకు టికెట్ ఖర్చు తప్పింది గానీ కూర్చోవడానికి సీటు దొరకడం కూడా తప్పిపోయింది, కాబట్టి ఆ సమయంలో పుస్తకం తెరిచే వీలు తక్కువ.

నవంబరులో జరిగిన అర్ధ సంవత్సర పరీక్షల్లో నాకు ఇంగ్లీషులో 71, తెలుగులో 78, గణితం ఒకటి-ఏలో 44, ఒకటి-బీలో 31, ఫిజిక్స్‌లో 33, కెమిస్ట్రీలో 36 వచ్చాయి. మొత్తం 470కి 293. ఆ మార్కులు చెప్పిన రోజు మధ్యాహ్నం నలుగురం కూర్చుని డబ్బాలు విప్పుకుని తింటున్నప్పుడు, వార్షిక పరీక్షల్లో 460 తెచ్చుకుంటానని అనేశాను. ముందుగా అనుకుని అన్న మాట కాదు, కానీ నోటి నుంచి వచ్చాక అది నిజంగానే నా కోరిక అని నాకే తెలిసింది. ముగ్గురూ నవ్వారు. అందులో ఒకమ్మాయి "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అంది. ఆ రోజు నుంచి తరగతిలో నా పేరు "ఫోర్ సిక్స్‌టీ". సర్ నన్ను లేపి ఏదైనా అడిగినప్పుడు నాకు జవాబు తట్టకపోతే, వెనక నుంచి ఆ పేరు మెల్లగా వినిపిస్తుంది.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. బస్సు ఆలస్యమై మొదటి పీరియడ్ పోయినప్పుడు నాకు నోట్సు ఇచ్చేది వాళ్లే, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోని రోజున తమ అన్నంలో సగం పెట్టేదీ వాళ్లే. పరాయివాళ్లు నవ్వితే పట్టించుకునేదాన్ని కాదు. నన్ను బాగా ఎరిగినవాళ్లు నవ్వారు కాబట్టి, నాకు తెలియనిదేదో నా గురించి వాళ్లకు తెలిసే ఉంటుందన్న అనుమానం పట్టుకుంది. రాత్రి గణితం పుస్తకం ముందు కూర్చుని ఒక లెక్క ఆగిపోయిందంటే చాలు, నిజమే కదా, నా వల్ల ఎక్కడవుతుంది అనిపిస్తుంది. ఇంట్లో అమ్మ "ఎన్ని వస్తే అన్నే, ఆరోగ్యం చూసుకో" అంటుంది. ఆ మాటలో ప్రేమ ఉంది గానీ అమ్మకూ నమ్మకం లేదని నా మనసు దాన్ని తిప్పి చదువుకుంటోంది.

పరీక్షలకు ఇంకా పదకొండు వారాలు ఉన్నాయి. 293 నుంచి 460కి చేరడం అసలు జరిగే పనేనా? లక్ష్యాన్ని స్నేహితులకు చెప్పడమే నేను చేసిన తప్పా? దగ్గరివాళ్లకే లేని నమ్మకాన్ని నేనొక్కదాన్నే ఎలా నిలుపుకోవాలి? "నీ మీద నీకు నమ్మకముంటే చాలు" అన్న మాట మా కళాశాల గోడ మీద ఇప్పటికే రాసి ఉంది కాబట్టి, దయచేసి అంతకు మించి ఏదైనా చెప్పండి.

జవాబు 1
రాసినవారు: సుద్దముక్క (గణిత అధ్యాపకుడు)

అమ్మా, నేను 19 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు గణితం చెబుతున్నాను. ఏటా మూల్యాంకనానికి వెళ్లి జవాబు పత్రాలు దిద్దుతుంటాను. నీ ప్రశ్న చదివి మొదట చేసిన పని, నువ్విచ్చిన మార్కులను కాగితం మీద వేసుకోవడం. నువ్వు పోగొట్టుకున్నవి 177. అందులో ఇంగ్లీషు 29, తెలుగు 22, ఒకటి-ఏ 31, ఒకటి-బీ 44, ఫిజిక్స్ 27, కెమిస్ట్రీ 24. 460 రావాలంటే ఆరు పేపర్లూ కలిపి పది మార్కులకు మించి పోకూడదు. రాష్ట్రంలో ముందు వరుసలో నిలిచే పిల్లలకు 467, 468 వస్తుంటాయి, అంటే నువ్వు అడుగుతున్నది వాళ్లకు రెండడుగుల దూరంలో చోటు. కాబట్టి నీ స్నేహితులు నవ్వడం మర్యాద కాకపోవచ్చు గానీ వాళ్ల సందేహానికి ఆధారం ఉంది. వాళ్లు చూసిన కాగితం మీద 293 అని ఉంది. ఆ కాగితం మారితే వాళ్ల మాట మారుతుంది, అది మారకముందే వాళ్ల మాట మారాలని కోరుకోవడం వాళ్ల మీద కూడా భారమే.

ఇక పని సంగతి. గణితం పేపరు 75 మార్కులకు ఎలా ఉంటుందో నీకు తెలుసు: "ఏ" విభాగంలో రెండేసి మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయవలసినవే, బీ విభాగంలో నాలుగేసి మార్కులవి ఏడిచ్చి ఐదు రాయమంటారు, సీ విభాగంలో ఏడేసి మార్కులవి ఏడిచ్చి ఐదు రాయమంటారు. గట్టెక్కితే చాలనుకునే పిల్లలు సీ విభాగంతో మొదలుపెడతారు, అది తెలివైన పనే. ఒకటి-ఏలో ప్రమేయాలు, గణితానుగమనం, మాత్రికలు, సదిశల లబ్ధం, త్రికోణమితి, త్రిభుజ ధర్మాలు అంటూ ఏ ప్రశ్న ఏ అధ్యాయం నుంచి వస్తుందో ముందే తెలుసు, పైగా రెండు వదిలేయవచ్చు. నీ 44 చూస్తుంటే నువ్వూ ఆ దారిలోనే చదివావని అనుకుంటున్నాను. అయితే 70 దాటాలనుకునేవారి సంగతి తేలేది ఆ "ఏ" విభాగంలోనే. అక్కడ వదిలేసే వీలు లేదు, ప్రశ్నలు చిన్న చిన్న అధ్యాయాల మూలల నుంచి కూడా వస్తాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీల్లోనూ రెండు మార్కుల ప్రశ్నలు పదేసి, అన్నీ తప్పనిసరి. నాలుగు పేపర్లలో కలిపి 80 మార్కులకు ఎంపిక అన్నదే లేదు. మా దగ్గర బాగా చదివే పిల్లలు కూడా ఏడు మార్కుల లెక్కలు పది రకాలుగా చేసి, ఇక్కడ నాలుగైదు మార్కులు జారవిడుచుకుని బయటకు వచ్చాక తల పట్టుకుంటారు.

నీ అర్ధ సంవత్సర జవాబు పత్రాలు కళాశాలలో అడిగి తీసుకో. పోయిన ప్రతి మార్కు పక్కన ఎర్ర పెన్నుతో, తెలియక పోయిందా, తెలిసీ తప్పు చేశావా, సమయం చాలలేదా అన్నది రాయి. నేను పిల్లల చేత ఈ పని చేయించిన ప్రతిసారీ వాళ్లు అనుకున్నదానికంటే "తెలిసీ" అన్న లెక్క ఎక్కువ తేలింది. గణితానుగమనంలో మొదటి మెట్టు, ఊహ, తర్వాతి సోపానం అన్నీ సరిగా రాసి, చివర "కాబట్టి అన్ని సహజ సంఖ్యలకూ సత్యం" అన్న ఒక్క వాక్యం రాయని పత్రాలు ప్రతి ఏడూ చూస్తాను. మార్కు వేయాలని చెయ్యి వెళుతుంది, కానీ లేని వాక్యానికి ఎలా వేస్తాం? ఇవి వారం పది రోజుల్లో వెనక్కి తెచ్చుకోగల మార్కులు. తెలియక పోయినవాటికి నెలలు పడుతుంది, అందులో ఒకటి-బీ నీకు పెద్ద పని. అక్కడ సరళరేఖలు, సరళరేఖాయుగ్మాలు గట్టిగా పట్టుకుంటే సీ విభాగంలో మూడు ప్రశ్నలు నీవే.

జరిగే పనేనా అని సూటిగా అడిగావు కాబట్టి సూటిగానే చెబుతాను. 300 దగ్గర నుంచి అదే ఏడాది 430 దాటినవాళ్లను నా తరగతుల్లో ఇద్దరిని చూశాను, 460 చేరినవాళ్లను చూడలేదు. అందుకని 460 అనుకోవద్దని అనను. దాన్ని గోడ గడియారంలా పక్కన ఉంచి, సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చే ప్రీ ఫైనల్‌కు 370 అని పెట్టుకో. మొదటి సంవత్సరం మార్కులు తగ్గాయనిపిస్తే, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాసుకునే వీలు ఎలాగూ ఉంది.

ఈ మార్కులు దేనికి పనికొస్తాయో కూడా తెలుసుకుని చదవడం మంచిది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన తెలంగాణ ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీని 2023లో పూర్తిగా ఎత్తేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం ఇంకా లెక్కలోకి తీసుకుంటున్నారు. జేఈఈ ద్వారా ఐఐటీ, ఎన్‌ఐటీల్లో చేరడానికి 75 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 65 శాతం. లేదా బోర్డులో మొదటి 20 పర్సెంటైల్‌లో, అంటే వందమందిలో ముందున్న ఇరవై మందిలో ఉండాలి. డిగ్రీకి వెళితే, దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానంలో సీటు ఇంటర్ మార్కుల మీదే వస్తుంది. అంటే 430కీ 460కీ మధ్య తేడా వల్ల నీ జీవితంలో మూసుకుపోయే తలుపు దాదాపు లేదు, 293కీ 430కీ మధ్య మాత్రం చాలా ఉన్నాయి.

జవాబు 2
రాసినవారు: ఆఖరి బెంచీ

చెల్లీ, నీ కథలో నేను నవ్విన పక్షం. 2009లో ఖమ్మంలో ఐదుగురం ఒక గది అద్దెకు తీసుకుని ఇంటర్ చదువుకునేవాళ్లం. అందులో ఒకడు ఒక రాత్రి, తనకు 450 కావాలని అన్నాడు. వాడికి "ర్యాంకర్" అని పేరు పెట్టింది నేనే. వాడు నాలుగింటికి లేచి మెట్ల మీద బల్బు కింద కూర్చుని చదువుకునేవాడు. ఒకరోజు నిద్ర చెడిందని సాకు చెప్పి ఆ బల్బు ఆపేశాను. వాడేమీ అనకుండా పుస్తకం పట్టుకుని వీధి దీపం దగ్గరకు వెళ్లాడు.

అప్పుడు ఎందుకలా చేశానో నాకు తెలియదు, చాలా ఏళ్లకు తెలిసింది. మేమిద్దరం ఒకే మండలం నుంచి, ఒకే బడి నుంచి వచ్చాం, మాకు వచ్చే మార్కులూ ఇంచుమించు ఒకటే. "మనలాంటి వాళ్లకు ఇంతే" అన్న మాట మీద నేను హాయిగా ఆనుకుని ఉన్నాను. వాడికి 450 వస్తే ఆ మాట అబద్ధమవుతుంది, ఇక నేను చదవకపోవడానికి నాకు కారణం మిగలదు. నేను వాడి శక్తిని అంచనా వేయనే లేదు, నా సౌకర్యాన్ని కాపాడుకున్నాను. నీ స్నేహితురాళ్ల నవ్వులో ఎంత భాగం ఇలాంటిదో నాకు తెలియదు, కానీ అదంతా నీ గురించే అనుకోవద్దు. నీకు తెలియనిదేదో నీ గురించి వాళ్లకు తెలుసన్న అనుమానం రాశావే, దాన్ని ఈ కోణంలో కూడా ఒకసారి చూడు.

వాడికి 438 వచ్చాయి. నాకు 331. ఫలితాల రోజున వాడు 450 రాలేదని బాధపడుతుంటే నేను లోలోపల తేలికపడ్డాను, ఆ తేలికపడటం గురించి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఒక పని చెబుతాను, మా వాడు చేయనిది. వాడు మమ్మల్ని వదిలి ఒంటరిగా తినడం మొదలుపెట్టాడు, దాంతో మా వెక్కిరింపు ఇంకా పెరిగింది. నువ్వు దూరం జరగకు. నీ పుస్తకం వాళ్ల చేతికే ఇచ్చి, రెండు మార్కుల ప్రశ్నలు పది అడగమను. బస్సులో నిలబడి కూడా చేయగల పని అది. వెక్కిరించేవాడి కంటే మంచి పరీక్షాధికారి ఉండడు, ఎందుకంటే నీకు రాని ప్రశ్నను వెతికి మరీ అడుగుతాడు. పైగా అలా అడుగుతూ ఉంటే వాళ్లకూ పాఠం వస్తుంది, అది మాత్రం వాళ్లకు ముందుగా చెప్పకు.

జవాబు 3
రాసినవారు: మనసు పుస్తకం (మనస్తత్వశాస్త్రం, పీజీ విద్యార్థిని)

మీరు "నమ్మకం ఎలా నిలుపుకోవాలి" అని అడిగారు. ఈ ప్రశ్న మీద మా పాఠాల్లో తప్పకుండా వచ్చే పేరు ఆల్బర్ట్ బండూరా. ఫలానా పనిని నేను చేయగలను అనే నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో ఆయన 1977లో ప్రచురించిన ఒక వ్యాసంలో నాలుగు మూలాలుగా వివరించారు: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, తనలాంటివారు చేయడం చూడటం, ఇతరులు చెప్పే మాటలు, ఆ సమయంలో ఒంట్లో కలిగే ఆందోళన వంటి స్థితి. వీటన్నిటిలో బలమైనది మొదటిదని ఆయన అన్నారు. మాటల వల్ల వచ్చిన నమ్మకం, చేసి చూసిన అనుభవం ఎదురైతే త్వరగా కరిగిపోతుంది. స్నేహితుల ఎగతాళి కూడా ఈ మూడో రకానికే చెందుతుంది కాబట్టి, దానికి విరుగుడును మరొకరి పొగడ్తలో వెతుక్కోవడం కంటే, నిన్న రాని లెక్క ఈ రోజు వచ్చిందన్న రుజువులో వెతుక్కోవడం మేలు. ఆ లెక్కన మొదటి జవాబులోని ఎర్ర పెన్ను మీకు నమ్మకాన్ని కూడా ఇస్తుంది. రెండో మూలాన్నీ విడిచిపెట్టవద్దు. మీ కళాశాలలోనే, మీలాగే బస్సులో వచ్చి, నిరుడు మంచి మార్కులు తెచ్చుకున్న సీనియర్ ఎవరైనా ఉంటే వెళ్లి మాట్లాడండి. హైదరాబాదు కార్పొరేట్ కళాశాల హోర్డింగు మీద కనిపించే ముఖాలు ఈ పనికి అంతగా రావు, వాళ్లను చూసినప్పుడు వాళ్ల పరిస్థితి వేరులే అని మనసు తప్పించుకుంటుంది.

మరో సంగతి. రాత్రి పుస్తకం ముందు కూర్చున్నప్పుడు కలిగే నమ్మకాన్నీ అపనమ్మకాన్నీ రెండింటినీ అంతగా లెక్క చేయవద్దు. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో విద్యార్థులకు కొన్ని పాఠ్యభాగాలిచ్చి, కొందరి చేత వాటిని మళ్లీ మళ్లీ చదివించారు, మరికొందరి చేత ఒకసారి చదివించి ఆపైన చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారే మెరుగ్గా రాశారు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసి సాధన చేసినవారు ముందున్నారు. అన్నిటికంటే ఆసక్తికరం ఏమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నది మళ్లీ మళ్లీ చదివిన జట్టే. పుస్తకం తెరిచి ఉంచి చదివితే ధైర్యం పెరుగుతుంది, మూసి రాస్తే ధైర్యం తగ్గి మార్కులు పెరుగుతాయి. రాసేటప్పుడు ఆగిపోయిన లెక్కను చూసి మీరు "నా వల్ల కాదు" అని చదువుకుంటున్నారు, నిజానికి నేర్చుకోవడం జరుగుతున్నది ఆ ఆగిపోయిన చోటనే.

చెప్పడం తప్పా అన్న ప్రశ్నకు కూడా కొంత సమాధానం ఉంది. పీటర్ గోల్విట్జర్, ఆయన సహచరులు 2009లో చేసిన ప్రయోగాల్లో, తాము కావాలనుకుంటున్నదాని కోసం ఏం చేస్తామో చెప్పినప్పుడు దాన్ని ఎదుటివారు గుర్తించిన విద్యార్థులు, ఆ తర్వాత దాని కోసం తక్కువ శ్రమ పడ్డారు. గుర్తింపు దొరకగానే సగం చేరుకున్నట్టు మనసుకు అనిపిస్తుందని వారి వివరణ. మీకు దొరికింది గుర్తింపు కాదు, వెక్కిరింపు, కాబట్టి ఈ ఫలితం మీకు అచ్చంగా వర్తించదు. అయినా ఇకపై అంకె చెప్పకుండా, "ఈ వారం మాత్రికలు పూర్తి చేస్తున్నాను" అని మాత్రమే చెప్పి చూడండి. ఆ మాటకు నవ్వడానికి ఎవరికీ ఏమీ దొరకదు.

జవాబు 4
రాసినవారు: బైపీసీ అక్క

పై అక్కయ్య చెప్పినదానితో ఒక్క చోట నాకు పేచీ ఉంది. అంకె చెప్పడం వల్లనే నేను చదివాను. బైపీసీ మొదటి సంవత్సరం 440కి 430 తెస్తానని నేనూ అందరికీ చెప్పాను, మా నాన్న అంతకు రెండింతలు మందికి చెప్పారు. చెప్పాక వెనక్కి తీసుకోలేక, పొద్దున లేవక తప్పలేదు. కొందరు అలా తయారై ఉంటాం.

కానీ నాకు 402 వచ్చాయి. ఇప్పుడు వింటే మంచి మార్కులే కదా అనిపిస్తుంది, ఆ రోజున మాత్రం మూడు రోజులు గది దాటి బయటకు రాలేదు. "అన్ని రావులే" అని నాతో అన్న స్నేహితురాలు మూడో రోజు పెరుగన్నం కలిపి తెచ్చి, నా పక్కన కూర్చుని, మార్కుల మాటే ఎత్తకుండా నాకు తినిపించి వెళ్లింది. ఆమెకు నా మార్కుల మీద నమ్మకం లేదు, నా మీద ఉంది. ఆ రెండూ వేరని నాకు ఆ రోజు దాకా తట్టలేదు. మీ అమ్మగారు "ఎన్ని వస్తే అన్నే" అన్న మాటను కూడా నేను అలాగే చదువుతాను. (ఫలితాల రోజుల్లో మనసు మరీ కుంగితే 14416కు ఫోన్ చేయవచ్చు, టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నాకు అప్పుడు ఈ నంబరు ఎవరూ చెప్పలేదు.)

ఆ వేసవిలో బోటనీ, ఫిజిక్స్ ఇంప్రూవ్‌మెంట్ రాస్తే తొమ్మిది మార్కులు కలిశాయి. ప్రస్తుతం దోస్త్‌లో వచ్చిన సీటుతో హైదరాబాదులో బీఎస్సీ చదువుతున్నాను. అధ్యాపకుల వారు రాయని ప్రయోజనం ఒకటి నేను చెబుతాను: ఇంటర్‌లో బోర్డు మొత్తం మీద తమ స్ట్రీమ్‌లో 80వ పర్సెంటైల్ దాటి, ఇంటి ఆదాయం ఏటా నాలుగున్నర లక్షల లోపు ఉన్నవాళ్లు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైతే డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. నా హాస్టల్ మెస్ బిల్లులో పెద్ద భాగం దానితోనే తీరుతోంది. 460 కలగా ఉన్నా ఫరవాలేదు, ఈ 80వ పర్సెంటైల్‌ను మాత్రం అవసరం అనుకుని చదవండి.

అడిగినవారి తిరుగు జవాబు
పల్లెవెలుగు ప్రయాణికురాలు (ఆరు వారాల తర్వాత)

అందరికీ ధన్యవాదాలు. ఇన్నాళ్లూ ఇక్కడికి రాకపోవడానికి కారణం, ప్రీ ఫైనల్ అయ్యేదాకా ఫోన్‌ను అమ్మ దగ్గర పెట్టేశాను.

సుద్దముక్క సర్, జవాబు పత్రాలు అడిగితే మొదట ఇవ్వలేదు, రెండోసారి అడిగితే ఇచ్చారు. ఎర్ర పెన్నుతో కూర్చుంటే రెండు సాయంత్రాలు పట్టింది. పోయిన 177లో 58 మార్కులు "తెలిసీ" అన్న లెక్కలో తేలాయి. ఆ అంకె చూసిన రాత్రి నాకు కోపం వచ్చింది, కానీ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు వచ్చే భయం ఆ రోజు రాలేదు. ప్రీ ఫైనల్‌లో ఇంగ్లీషు 84, తెలుగు 91, ఒకటి-ఏ 61, ఒకటి-బీ 49, ఫిజిక్స్ 42, కెమిస్ట్రీ 44, మొత్తం 371. మీరు చెప్పిన 370కి ఒకటి ఎక్కువ.

ఆఖరి బెంచీ అన్నా, నేను పుస్తకం ఇచ్చి ప్రశ్నలడగమంటే ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్నారు. ఉట్టి సామెత చెప్పిన అమ్మాయి అందులో ఒకరు. మా బస్సు తనది కూడా కాబట్టి, సాయంత్రం నిలబడి వచ్చేటప్పుడు అడుగుతుంది. మీరన్నట్టే రాని ప్రశ్నలే వెతుకుతుంది. ఒకటి-బీలో తనకు నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ వచ్చాయి, నా దగ్గర ప్రశ్నలడుగుతూ నేర్చుకున్నానని తనే చెప్పింది, నేను ముందుగా చెప్పలేదు. మూడో అమ్మాయి ఇంకా నవ్వుతూనే ఉంది. తను మారుతుందేమోనని ఎదురుచూడటం మానేశాను, అన్నం మాత్రం కలిసే తింటున్నాం. నా పేరు కూడా మారింది, ఇప్పుడు "త్రీ సెవెంటీ వన్" అంటున్నారు. నిజం చెప్పాలంటే ఈ పేరు నాకు బాగానే ఉంది, ఇది నాకు వచ్చిన అంకె.

460 మాట మళ్లీ ఎవరితోనూ అనలేదు. నోట్సు అట్ట లోపల పెన్సిలుతో 430 అని రాసుకున్నాను. బైపీసీ అక్క చెప్పిన 80వ పర్సెంటైల్ సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు, ఆ తర్వాత ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవకు ఎప్పుడు వెళ్లాలని అడిగింది.

సర్, ఒక సందేహం. ఒకటి-బీలో దిక్ కొసైన్‌ల ఏడు మార్కుల ప్రశ్న ఇంకా నాకు పట్టుబడలేదు. ఘనం నాలుగు వికర్ణాలతో ఒక కిరణం చేసే కోణాల లెక్కలో మూడో వికర్ణం దగ్గర ప్రతిసారీ గుర్తులు తారుమారవుతున్నాయి. ఆ ప్రశ్న వదిలేసి మిగతా ఆరింటి మీదే ఉండమంటారా?

జవాబు 5
రాసినవారు: సుద్దముక్క

వదలవద్దు. ఆ లెక్కను బట్టీ పట్టినవాళ్లందరికీ గుర్తులు అక్కడే పోతాయి. ముందు ఘనం బొమ్మ గీసి, మూలబిందువును ఒక శీర్షం దగ్గర పెట్టి, ఎనిమిది శీర్షాలకూ నిరూపకాలు రాసుకో. ప్రతి వికర్ణానికీ రెండు చివరలు కనిపిస్తుంటాయి, ఒకదానిలోంచి మరొకటి తీసేస్తే గుర్తులు వాటంతటవే వస్తాయి. చివర కొసైన్ వర్గాల మొత్తం మూడింట నాలుగు రావాలి, రాకపోతే ఏదో ఒక వికర్ణం తప్పిందని అర్థం. రేపు బస్సులో మీ స్నేహితురాలిని ఇదే అడగమను. బొమ్మ గీయకుండా, నోటితో శీర్షాలు చెప్పి చూడు.